జూమ్ చేస్తే తగ్గే వెలుతురు: పాత కాంపాక్ట్ ఫిల్మ్ కెమెరాల ఎంపిక, వాడకం

సభకు నమస్కారం. ఈరోజు నేను మాట్లాడబోయేది 35 మి.మీ. ఫిల్ము రీలు వేసుకుని, లోపలి చిన్న మోటారుతో లెన్స్‌ను ముందుకూ వెనక్కూ జరుపుకునే జేబు కెమెరాల గురించి. 1980ల చివరి నుంచి 2000ల తొలి సంవత్సరాల వరకు వేడుకల్లోనూ ప్రయాణాల్లోనూ ఎక్కువగా కనిపించినవి ఇవే. డిజిటల్ కెమెరాలు వచ్చాక అరల్లోకీ పెట్టెల్లోకీ వెళ్లిపోయిన ఈ కెమెరాలను ఇప్పుడు మళ్లీ వెతికి కొంటున్నవారు చాలామంది ఉన్నారు. అలా కొని రెండు రీళ్లు తీసి, ఫొటోలన్నీ మసకగానూ కదిలినట్టుగానూ వచ్చాయని పక్కన పెట్టేసినవారూ ఉన్నారు. ఆ నిరాశకు చాలా సందర్భాల్లో కారణం కెమెరా పాడవడం కాదు. జూమ్ మీట నొక్కిన ప్రతిసారీ ఆ కెమెరాలోకి వచ్చే వెలుతురుకు ఏమవుతుందో తెలియకపోవడమే అసలు కారణమని నా అభిప్రాయం. అందుకే ముందు లెన్స్ గురించి వివరంగా చెప్పి, ఆ తర్వాత కొనుగోలు సంగతికి వస్తాను.

జూమ్ లెన్స్ అమర్చిన తొలి కాంపాక్ట్ కెమెరాగా చరిత్రలో నిలిచింది పెంటాక్స్ జూమ్ 70. అది 1986లో వచ్చింది, దాని లెన్స్ ఫోకల్ లెంగ్త్, అంటే అంకె పెరిగేకొద్దీ దూరపు వస్తువును దగ్గరగా చూపే కొలత, 35 నుంచి 70 మి.మీ. వరకు సాగేది. అంతకుముందు ఇంత చిన్న కెమెరా కొన్నవారికి ఒకే స్థిరమైన లెన్స్ ఉండేది. కొన్నింటిలో మాత్రం మీట మారిస్తే రెండు నిర్ణీత ఫోకల్ లెంగ్త్‌ల మధ్య మారే ఏర్పాటు ఉండేది. పెంటాక్స్ దారి చూపగానే జపాన్‌లోని ప్రధాన కంపెనీలన్నీ ఆ బాట పట్టాయి. మొదట 70, తర్వాత 90, 105, 140, 160 అంటూ పోటీ సాగి, చివరికి పెంటాక్స్ ఎస్పియో 200 లో లెన్స్ 200 మి.మీ. దాకా వెళ్లింది. పెట్టె మీద పెద్ద అంకె ముద్రిస్తే అమ్మకం తేలిక కనుక ఆ పోటీ ఆగలేదు. ఆ అంకెకు కొనేవారు చెల్లించే మూల్యం మాత్రం పెట్టె మీద ఎక్కడా కనిపించేది కాదు.

ఆ మూల్యం ఏమిటో తెలియాలంటే ఈ లెన్సులను ఎలా నిర్మించారో కొంచెం చూడాలి. లోపలి అద్దం ద్వారా లెన్స్‌లోంచే చూసి తీసే ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో లెన్స్‌కూ ఫిల్ముకూ మధ్య అద్దం పైకి లేవడానికి చోటు వదలాలి. కాంపాక్ట్‌లో ఆ అద్దం ఉండదు కనుక, లెన్స్‌లోని చివరి గాజు ఫిల్ముకు కొద్ది మిల్లీమీటర్ల దూరం వరకు వెనక్కు రాగలదు. ఈ సౌకర్యాన్ని వాడుకుని ఇంజినీర్లు గాజులను రెండు గుంపులుగా అమర్చారు. ముందు గుంపు కాంతిని ఒకచోటికి చేరుస్తుంది, వెనుక గుంపు ఆ బొమ్మను పెద్దది చేస్తుంది. జూమ్ మీట నొక్కితే రెండు గుంపులూ ముందుకు జరుగుతాయి, వాటి మధ్య ఎడం తగ్గుతుంది, బొమ్మ ఇంకా పెద్దదవుతుంది. అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్ద చోటులో ఇంత లెన్స్‌ను ముడుచుకోనిచ్చిన ఆ నిర్మాణం నాకు ఇప్పటికీ ఎంతో గౌరవం కలిగించే పని.

అయితే వెలుతురు వచ్చే ద్వారం ముందు గుంపు దగ్గరే ఉంటుంది, దాని వెడల్పు పెద్దగా మారదు. పెంటాక్స్ జూమ్ 70 లెక్కే చూడండి. ఫోకల్ లెంగ్త్‌ను ద్వారం వెడల్పుతో భాగిస్తే వచ్చేదే అపర్చర్ ఎఫ్ అంకె, అది పెరిగేకొద్దీ ఫిల్ముకు అందే వెలుతురు తగ్గుతుంది. 35 మి.మీ. దగ్గర దాని అపర్చర్ ఎఫ్ 3.5, అంటే ద్వారం వెడల్పు 10 మి.మీ. 70 మి.మీ. దగ్గర అపర్చర్ ఎఫ్ 6.7, అక్కడ భాగహారం చేసినా వచ్చేది 10 మి.మీ.కు కాస్త ఎక్కువే. 1993లో వచ్చిన కాంటాక్స్ టీవీఎస్, టైటానియం ఒంటితో, కార్ల్ జైస్ లెన్స్‌తో తయారైన ఖరీదైన కెమెరా. దాని లెన్స్ 28 నుంచి 56 మి.మీ. వరకు సాగుతుంది, అపర్చర్ ఎఫ్ 3.5 నుంచి ఎఫ్ 6.5 కు తగ్గుతుంది. అక్కడా ద్వారం రెండు చివర్లలో దాదాపు 8 మి.మీ. దగ్గరే ఉంటుంది. అంటే చవక కెమెరాకూ ఖరీదైన కెమెరాకూ ఈ విషయంలో ఒకటే నియమం. బొమ్మ రెండింతలు పెద్దదైతే, అదే ద్వారం గుండా వచ్చిన వెలుతురు నాలుగింతల చోటు మీద పరచుకుని, ఫిల్ము మీద ప్రతి చుక్కకూ నాలుగో వంతే అందుతుంది.

ఇప్పుడు ఇంకా పొడవైన లెన్స్ తీసుకుందాం. 38 నుంచి 140 మి.మీ. వరకు సాగుతూ, ఎఫ్ 4 నుంచి ఎఫ్ 11 కు తగ్గే కెమెరా ఒకటి మీ చేతిలో ఉందనుకోండి. రెండు చివర్ల మధ్య వెలుతురు తేడా సుమారు ఎనిమిది రెట్లు. నిండు ఎండలో ఎఫ్ 16 దగ్గర, 100 ఐఎస్‌ఓ ఫిల్ముకు (ఐఎస్‌ఓ అంటే ఫిల్ము వేగం, అంకె పెరిగితే తక్కువ వెలుతురు చాలు) షట్టర్ సెకనులో నూరో వంతు తెరుచుకుంటే సరిపోతుందనేది ఫొటోగ్రాఫర్లందరికీ తెలిసిన పాత సూత్రం. ఆ లెక్కన ఎఫ్ 11 దగ్గర సెకనులో 200వ వంతు వస్తుంది, చేత్తో పట్టుకున్నా ఫొటో నిలుస్తుంది. అదే మనిషి చెట్టు నీడలోకో గోడ నీడలోకో జరిగితే వెలుతురు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, షట్టర్ సెకనులో 25వ వంతుకు దిగుతుంది. 140 మి.మీ. లెన్స్‌ను చేత్తో కదలకుండా పట్టుకోవాలంటే కనీసం సెకనులో 140వ వంతు ఉండాలి. కాబట్టి ఆ ఫొటో కదిలి తీరుతుంది, లేదా కెమెరా తనంతట తానే పట్టపగలు ఫ్లాష్ వెలిగిస్తుంది. అదే నీడలో లెన్స్‌ను పూర్తిగా లోపలికి తెచ్చి ఎఫ్ 4 దగ్గర తీస్తే సెకనులో 200వ వంతు వస్తుంది, 38 మి.మీ. లెన్స్‌కు అది కావలసినదానికన్నా చాలా ఎక్కువ. కెమెరా అదే, ఫిల్ము అదే, నిలబడిన మనిషీ అదే. మారినదల్లా జూమ్ ఒక్కటే.

ఇందువల్ల ఫిల్ము ఎంపికలో నాకు సందేహం లేదు. ఈ కెమెరాల్లో 400 ఐఎస్‌ఓ ఫిల్ము వేయాలి. కోడక్ అల్ట్రామాక్స్ 400 వంటి రంగుల నెగెటివ్ గానీ, ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ వంటి నలుపు తెలుపు ఫిల్ము గానీ బాగా సరిపోతాయి. మనం చెప్పుకున్న నీడలో కూడా 400 ఫిల్ముతో 140 మి.మీ. దగ్గర సెకనులో 100వ వంతు వస్తుంది. మోచేతులు ఒంటికి ఆనించి, ఊపిరి బిగపట్టి తీస్తే ఫొటో దక్కే అవకాశం ఉంటుంది. 200 ఫిల్ము ఎండలో మంచిదే గానీ సాయంత్రానికి చేతులెత్తేస్తుంది. నెగెటివ్ ఫిల్ము వెలుతురు కాస్త ఎక్కువైనా ఓర్చుకుంటుంది. నేరుగా అసలు రంగుల్లోనే బొమ్మ వచ్చే స్లయిడ్ ఫిల్ముకు ఆ ఓర్పు చాలా తక్కువ, పైగా ఈ కెమెరాల మీటరింగ్, అంటే వెలుతురును కొలిచే పద్ధతి, అంత సూక్ష్మమైనది కాదు కనుక స్లయిడ్‌ను వేరే కెమెరాలకు వదిలేయడం మేలు.

ఫిల్ము వేగాన్ని ఈ కెమెరాలకు మనం చెప్పే వీలు సాధారణంగా ఉండదు. రీలు డబ్బా మీద నలుపు, వెండి రంగు గళ్లు కనిపిస్తాయి, వాటినే డీఎక్స్ కోడ్ అంటారు. 1983లో కోడక్ ప్రవేశపెట్టిన ఈ పద్ధతిలో కెమెరా లోపలి లోహపు ముళ్లు ఆ గళ్లను తాకి వేగాన్ని తెలుసుకుంటాయి. పెద్ద చుట్ట నుంచి కత్తిరించి, గళ్లు లేని డబ్బాల్లో నింపి అమ్మే ఫిల్ము వేస్తే, చాలా కెమెరాలు దాన్ని 100 అనే అనుకుంటాయి, కొన్ని ఇంకా తక్కువ అనుకుంటాయి. 400 ఫిల్మును 100 అనుకుంటే వెలుతురు నాలుగింతలు పడుతుంది, నెగెటివ్ అయితే గట్టెక్కుతుంది గానీ షట్టర్ వేగం మాత్రం నష్టపోతాం. కాబట్టి గళ్లున్న డబ్బానే వాడండి.

ఇంత చెప్పాక, మరి జూమ్ ఎందుకు అనే ప్రశ్న సహజం. మనుషుల ముఖాల కోసం అని నా సమాధానం. 28 లేదా 35 మి.మీ. దగ్గర ముఖం ఫ్రేము నిండా రావాలంటే బాగా దగ్గరికి వెళ్లాలి, అంత దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కు పోయినట్టుగా వస్తాయి. అది లెన్స్ దోషం కాదు, మనం నిలబడిన దూరం చేసే పని. రెండు మీటర్ల దూరంలో నిలబడి, 60 నుంచి 80 మి.మీ. మధ్య ఎక్కడో ఆగి, బయటి వెలుతురులో తీసిన ముఖచిత్రం ఈ కెమెరాలు ఇవ్వగలిగిన గొప్ప బహుమతి. ఎదుటి మనిషి కూడా మీద పడినట్టు ఇబ్బంది పడకుండా, తేలికగా నిలబడతారు. అందుకని నేను లెన్స్‌ను మూడు భాగాలుగా చూస్తాను. లోపలి చివర అన్ని వేళలకూ పనికొస్తుంది, మధ్య భాగం పగటి వెలుతురులో ముఖాలకు, బయటి చివర నిండు ఎండకు మాత్రమే.

ఫ్లాష్ విషయంలోనూ ఇదే లెక్క. ఫ్లాష్ బలాన్ని గైడ్ నంబరుతో కొలుస్తారు, దాన్ని అపర్చర్‌తో భాగిస్తే దూరం వస్తుంది. 100 ఫిల్ముకు గైడ్ నంబరు 12 అనుకుంటే, ఎఫ్ 4 దగ్గర ఫ్లాష్ మూడు మీటర్లు చేరుతుంది, ఎఫ్ 11 దగ్గర ఒక మీటరు దాటి కొంచెమే. 400 ఫిల్ము వేస్తే ఈ దూరాలు రెండింతలు అవుతాయి, అయినా జూమ్ చివర రెండు మీటర్లే దక్కుతాయి. వేదిక మీద దూరంగా ఉన్నవారిని పూర్తిగా జూమ్ చేసి ఫ్లాష్‌తో తీస్తే చీకటి తప్ప మరేమీ రాకపోవడానికి కారణం ఇదే. గదిలో తీసేటప్పుడు జూమ్‌ను ముట్టుకోకుండా, మీరే రెండడుగులు ముందుకు వేయండి. మరో సంగతి, చాలా కెమెరాలు ఆపి మళ్లీ వెలిగించిన ప్రతిసారీ ఫ్లాష్‌ను ఆటోమేటిక్ స్థితికి తెచ్చుకుంటాయి. ఫ్లాష్ వద్దనుకునేవారు కెమెరా తెరవగానే ఆ బొత్తాన్ని నొక్కడం చేతికి అలవాటు చేసుకోవాలి.

ఫోకస్ గురించి క్లుప్తంగా చెబుతాను. వీటిలో అనేకం పరారుణ కిరణాన్ని పంపి, అది ఏ కోణంలో తిరిగి వచ్చిందో చూసి దూరం లెక్కగడతాయి. కిటికీ అద్దం వెనుక నుంచి తీస్తే ఆ కిరణం అద్దం దగ్గరే మోసపోతుంది, అప్పుడు కొండ బొమ్మ ఉండే దూరదృశ్యం మోడ్ వాడాలి. ఇద్దరు పక్కపక్కన నిలబడితే కిరణం వారి మధ్య ఖాళీలోంచి వెనుక గోడకు వెళ్లిపోతుంది. ముందు ఒకరి ముఖం మీద మధ్య గుర్తు పెట్టి, బొత్తం సగం నొక్కి పట్టుకుని, ఆ తర్వాత ఫ్రేము సరిచేసుకుని పూర్తిగా నొక్కాలి. మనం కన్ను పెట్టి చూసే కిటికీ, అంటే వ్యూఫైండర్, లెన్స్‌కు పక్కన వేరుగా ఉంటుంది కనుక, దగ్గరి వస్తువులు తీసేటప్పుడు అందులో కనిపించే అదనపు గీతల లోపల మనిషి తల ఉండేలా చూసుకోవాలి.

ఇక కొనుగోలు. నా మొదటి సలహా, జూమ్ పొడవును చూసి కొనవద్దు. 35 నుంచి 70 గానీ, 38 నుంచి 90 గానీ ఉన్న కెమెరాను 160 ఉన్నదానికన్నా ముందు పరిశీలించండి. దాని గొట్టంలో కదిలే భాగాలు తక్కువ, చివరి అపర్చర్ కూడా అంత ఇరుకుగా ఉండదు. రెండవది, వీలైతే 28 మి.మీ. దగ్గర మొదలయ్యేదాన్ని వెతకండి. చిన్న గదుల్లో, ఇరుకు వీధుల్లో 38 కీ 28 కీ తేడా చాలా పెద్దది. పెంటాక్స్ ఎస్పియో 928 లో 28 నుంచి 90 మి.మీ., యాషికా టీ జూమ్‌లో 28 నుంచి 70 మి.మీ. ఉంటాయి. ఒలింపస్ మ్యూ శ్రేణిలో వచ్చిన తొలి జూమ్ 35 నుంచి 70 వరకు సాగుతుంది, తేలికగా జేబులో పడుతుంది. లైకా మినీలక్స్ జూమ్‌లోనూ అదే 35 నుంచి 70. కాంటాక్స్ టీవీఎస్‌లో అపర్చర్‌ను మనమే ఎంచుకోవచ్చు, జూమ్‌ను మీటతో చేత్తోనే తిప్పవచ్చు, ఆ స్వేచ్ఛకు తగ్గ ధర కూడా ఉంటుంది. స్థిర లెన్స్ ఉన్న పేరున్న కాంపాక్ట్‌ల ధరలు బాగా పెరిగిపోయిన ఈ కాలంలో, మామూలు జూమ్ కెమెరాలు ఇంకా అందుబాటులోనే ఉన్నాయి. పేరుకోసం ఎక్కువ పెట్టడంకన్నా, ఆ డబ్బుతో నాలుగు రీళ్లు అదనంగా కొనుక్కోవడం మంచిదని నేను గట్టిగా నమ్ముతాను.

ఏపీఎస్ (అడ్వాన్స్‌డ్ ఫొటో సిస్టమ్) అనే వేరే రకం ఫిల్ము వాడే కెమెరాలతో మాత్రం జాగ్రత్త. 1996లో వచ్చిన ఈ పద్ధతిలో ఫిల్ము వెడల్పు 24 మి.మీ. మాత్రమే, దాని డబ్బా వేరు. 2011 నాటికి ఆ ఫిల్ము తయారీ ఆగిపోయింది. బయటికి అందంగా, బుజ్జిగా కనిపించే ఈ కెమెరాలు నేటికీ అమ్మకానికి వస్తూనే ఉంటాయి. వెనుక తలుపు తెరిస్తే 35 మి.మీ. రీలు పట్టే గది కనిపించాలి, అడుగున చిన్న మూత మాత్రమే తెరుచుకుంటే అది ఏపీఎస్ అయ్యే అవకాశం ఎక్కువ.

కెమెరా చేతికి వచ్చాక ఎలా పరీక్షించాలో ఇప్పుడు చెబుతాను. కొత్త బ్యాటరీ మీరే తీసుకువెళ్లండి. బ్యాటరీ గది మూత తెరిచి, లోపలి స్ప్రింగుల మీద తెల్లటి లేదా పచ్చటి పొడి ఉందేమో చూడండి, ప్లాస్టిక్ కొక్కెం విరిగిందేమో చూడండి. విరిగిన కొక్కేనికి టేపు అతికించి అమ్మేవారు ఉంటారు. బ్యాటరీ వేసి కెమెరా తెరవండి, లెన్స్ బయటికి వచ్చే శబ్దం వినండి. ఆ శబ్దం ఆగకుండా ఒకే తీరుగా సాగాలి. మధ్యలో టకటకమంటే లోపలి పళ్లచక్రం అరిగిందనో పగిలిందనో అర్థం. జూమ్‌ను చివరి దాకా తీసుకెళ్లి వెనక్కు తెండి, నాలుగైదు సార్లు అలా చేయండి. బయటికి వచ్చిన గొట్టం వేలితో తాకితే కొద్దిగా కదలడం సహజం, ఒక పక్కకు వాలి ఉండడం మాత్రం ప్రమాదం. తర్వాత వెనుక తలుపు తెరిచి, కెమెరాను కిటికీ వైపు తిప్పి, ఫిల్ము ఉండే చోటు నుంచి చూస్తూ బొత్తం నొక్కండి. వెలుతురు చుక్క ఒకటి తళుక్కుమని కనిపించాలి. ఫ్లాష్ ఆపి ఉంచి చీకటి మూలకు తిప్పి నొక్కితే, ఆ తెరుచుకోవడం స్పష్టంగా ఎక్కువసేపు ఉండాలి. రెండు చోట్లా ఒకేలా ఉంటే మీటరు పని చేయడం లేదని అనుమానించాలి. ఫ్లాష్ వెలిగించి చూడడం తప్పనిసరి, ఎందుకంటే నీరసించిన బ్యాటరీ లెన్స్‌ను జరపగలిగినా ఫ్లాష్‌ను నింపేటప్పుడు చేతులెత్తేస్తుంది, అప్పుడు తప్పు కెమెరాదో బ్యాటరీదో తేలదు. పాత రీలు ఒకటి వెంట ఉంటే దాన్ని వేసి, ఫిల్ము చుట్టుకోవడం, చివర వెనక్కు తిరగడం కూడా చూడవచ్చు.

టార్చి వెలుతురును లెన్స్ మీద ఏటవాలుగా పడేలా పట్టుకుంటే బూజు, పొగమంచు లాంటి పొర బయటపడతాయి. రెండు మూడు దుమ్ము రేణువుల వల్ల ఏమీ కాదు, సాలెగూడులా పాకిన బూజు ఉంటే వదిలేయండి. 1990ల కెమెరాల్లో పనోరమా మీట తరచూ కనిపిస్తుంది. అది కేవలం పైనా కిందా రెండు నల్లటి రేకులను అడ్డం తెచ్చి ఫ్రేమును సన్నగా చేస్తుంది, ఆ రేకులు ఇరుక్కుపోతే ఫొటోలన్నీ సగమే వస్తాయి. తేదీ ముద్రించే ఏర్పాటు ఉన్న వాటిలో చాలా వరకు క్యాలెండరు 2019తోనే ముగుస్తుంది, తేదీని ఆపేసుకుంటే సరిపోతుంది.

“పరీక్షించలేదు” అని రాసి అమ్మే కెమెరాను పాడైనదిగానే లెక్కగట్టి ధర నిర్ణయించుకోండి. పాడైన జూమ్ కాంపాక్ట్‌ను బాగు చేయించడం చాలా కష్టం. లెన్స్‌తో పాటు ముడుచుకుంటూ సాగుతూ ఉండే పలుచటి రిబ్బను తీగ తెగడం, మోటారు పళ్లచక్రాలు విరగడం వీటికి వచ్చే పెద్ద జబ్బులు. విడిభాగాలు తయారు కావడం లేదు, మరో పాడైన కెమెరా నుంచి తీసినవే గతి. ఇంట్లో విప్పి చూడాలన్న ఉత్సాహం ఉన్నవారికి ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఫ్లాష్ కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టుల దాకా విద్యుత్తు నిలవ ఉంటుంది, బ్యాటరీ తీసేసిన తర్వాత కూడా అది చాలాసేపు ఉండగలదు. తెలియనివారు విప్పకూడదు.

బ్యాటరీల్లో ఎక్కువగా వాడేవి 3 వోల్టుల సీఆర్123ఏ, సీఆర్2 లిథియం సెల్లులు. ఈ రెండూ ఇప్పటికీ దొరుకుతాయి. అదే ఆకారంలో వచ్చే కొన్ని రీచార్జబుల్ సెల్లులు 4 వోల్టులకు పైగా ఇస్తాయి, అవి పాత సర్క్యూట్లను కాల్చేయగలవు. వాడని నెలల్లో సెల్లు బయటికి తీసి ఉంచండి. జారుడు మూత ఉన్న ఒలింపస్ మ్యూ జూమ్‌ల వంటి వాటిలో మూతను ఒక్క ఊపులో మూయకూడదు. కొంచెం జరిపి, లెన్స్ పూర్తిగా లోపలికి వెళ్లేదాకా ఆగి, అప్పుడు మూయాలి. గొట్టాలు వంకరపోవడానికి ఆ తొందరే ఒక ముఖ్య కారణం.

మొదటి రీలును పరీక్ష రీలుగా వాడండి. చిన్న కాగితం మీద ఫ్రేము సంఖ్య, జూమ్ ఎక్కడ ఉంది, ఫ్లాష్ వెలిగిందా లేదా, ఎండా నీడా అని రాసుకుంటూ తీయండి. ఒకే గోడను, ఒకే మనిషిని లెన్స్ లోపల ఉన్నప్పుడు, మధ్యలో, పూర్తిగా బయట ఉన్నప్పుడు తీయండి. ఫిల్ము కడిగించేటప్పుడు స్కాన్లతో సరిపెట్టుకోకుండా నెగెటివ్‌లు తప్పక వెనక్కు అడగండి, ఎందుకంటే అసలు సాక్ష్యం వాటి మీదే ఉంటుంది. ఫ్రేముల మధ్య ఎడం సమానంగా లేకపోతే ఫిల్ము చుట్టే మోటారు లోపం. ఫ్రేము దాటి రంధ్రాల అంచు వరకు నల్లటి మచ్చ పాకితే వెనుక తలుపు నుంచి వెలుతురు దూరుతోందని అర్థం. తలుపు అంచున ఉన్న స్పాంజి మారిస్తే అది తగ్గుతుంది. జూమ్ బయట ఉన్న ఫ్రేముల్లో మాత్రమే, ఫ్రేము లోపలికే పరిమితమై మసక పడితే లెన్స్ గొట్టం సందుల్లోంచి వెలుతురు వస్తోంది, అలాంటి కెమెరాను లోపలి చివరకే పరిమితం చేసి వాడుకోవచ్చు. అన్ని ఫ్రేముల్లోనూ ఒకే మూల మసకగా ఉంటే లెన్స్ పక్కకు వాలిందన్నమాట, దానికి మందు లేదు, వీలుంటే కెమెరాను తిరిగి ఇచ్చేయండి. నీడలో జూమ్ చేసిన ఫ్రేములు మాత్రమే కదిలి, మిగిలినవన్నీ నిలకడగా వస్తే మీ కెమెరా ఆరోగ్యంగా ఉన్నట్టే. రెండో రీలు అప్పుడు కొనండి.